నడకలో తోడు వచ్చే గొంతులు

మనసు బాగాలేదని వచ్చిన ప్రతివారికీ నేను తప్పకుండా చెప్పిన మాట ఒకటుంది. "రోజూ ఓ అరగంట నడవండి." ముప్పై ఆరేళ్ళ వైద్యవృత్తిలో ఈ మాట ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో లెక్క లేదు. చీటీ మీద మందులు రాసి, చివర ఒక గీత గీసి, దాని కింద 'నడక' అని తెలుగులో రాసేవాణ్ణి. ఖర్చు లేని మందు రాశానని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా. ఆ మందు మింగడం ఎంత కష్టమో అరవై ఆరో ఏట గాని నాకు తెలిసిరాలేదు.

నా భార్య పోయిన సంవత్సరం అది. పిల్లలు వచ్చి, కర్మకాండలు ముగించి, ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఇచ్చోడ చలి సంగతి ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పుష్యమాసంలో తెల్లవారుజామున గడప దాటాలంటే ఆరోగ్యంగా ఉన్నవాడికే మనసొప్పదు. నేను మూడున్నరకే మేలుకొని, కప్పు వైపు చూస్తూ, ఆరింటిదాకా పడుకొని ఉండేవాణ్ణి. ఆకలి లేదు. పత్రిక విప్పితే అదే పంక్తి నాలుగుసార్లు చదివేవాణ్ణి. ఇవే లక్షణాలు ఎదుటివారు చెప్పినప్పుడు రెండు నిమిషాల్లో పేరు పెట్టేవాణ్ణి. నా విషయానికి వచ్చేసరికి 'వయసు, దుఃఖం, మామూలే' అని సరిపెట్టుకున్నాను.

చివరకు సిగ్గేసి బయలుదేరాను. మీరు నమ్ముతారో లేదో గాని, మొదటి పది రోజులు నడిచి వచ్చాక మనసు ఇంకా బరువెక్కింది. ఇంట్లో ఉంటే కనీసం పాలవాడు వస్తాడు, గ్యాస్ సిలిండరు వస్తుంది, ఫోను మోగుతుంది. నడకలో అవేవీ లేవు. నలభై నిమిషాల ఖాళీ. ఆ ఖాళీలో ఒకే ఆలోచన గిర్రున తిరిగేది. ఆమె ఆయాసం గురించి మొదట చెప్పిన రోజునే హైదరాబాదు తీసుకువెళ్ళి ఉంటే? ఆ ప్రశ్నతో ఇల్లు వదిలి, అదే ప్రశ్నతో ఇల్లు చేరేవాణ్ణి. జవాబు మాత్రం ఏ రోజూ వెంట రాలేదు.

దీనికి మనోవైద్యంలో ఒక పేరుంది, 'రూమినేషన్'. పశువు నెమరువేయడానికి లాటిన్‌లో ఉన్న మాట నుంచి వచ్చింది. పశువులను పెంచే మన ప్రాంతంలో ఇంతకంటె వివరించవలసిన పని లేదు. అయితే ఒక తేడా ఉంది. ఎద్దు నెమరువేస్తే మేత అరుగుతుంది. దిగులుపడ్డ మనిషి నెమరువేస్తే ఏదీ అరగదు, దవడలు మాత్రం నొప్పెడతాయి. అమెరికన్ మనస్తత్వవేత్త సుసాన్ నోలెన్-హోక్సెమా తన జీవితంలో అధికభాగం ఈ నెమరువేత మీదనే పరిశోధించారు. దిగులు కలిగినప్పుడు దాన్నే తిరగతోడుకునే అలవాటున్నవారిలో ఆ దిగులు ఎక్కువ కాలం నిలిచిపోతుందని, మరింత లోతుకు దిగుతుందని ఆమె చూపించారు. అంటే నేను వేలమందికి రాసి ఇచ్చిన ఒంటరి నడక, నెమరువేసే అలవాటున్నవాడికి మరింత మేత వేసినట్టే అవుతుంది. ఈ సంగతి మాకు కళాశాలలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా అప్పుడు వినేవాణ్ణి కానేమో.

మా పాత కాంపౌండరు కొడుకు ఆదిలాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు. ఒక ఆదివారం నన్ను చూడడానికి వచ్చి, నా ముఖం చూసి, కాసేపు ఏమీ అనలేదు. తరువాత నా ఫోను తీసుకుని ఏదో చేశాడు. "సారూ, నడిచేటప్పుడు పాటలు వినకుండ్రి. కతలు వినుండ్రి" అని, ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అతను పెట్టి ఇచ్చింది 'హర్షణీయం' అనే తెలుగు పాడ్‌కాస్టు. తెలుగు కథలను చదివి వినిపిస్తారు, రచయితలతోను అనువాదకులతోను తీరుబడిగా మాట్లాడతారు. మరునాడు సిరిచెల్మ వైపు దారిలో నడుస్తూ ఒక కథ విన్నాను. నిజం చెప్పాలంటే ఆ కథ నాకు అంతగా నచ్చలేదు. ముగింపు ముందే తెలిసిపోయింది. కాని అది అయిపోయాక ఫోను చూసుకుంటే ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. ఆ ఇరవై రెండు నిమిషాల్లో నేను ఒక్కసారి కూడా ఆ పాత ప్రశ్న వేసుకోలేదు. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. నడిరోడ్డు మీద నిలబడి కాసేపు ఏడ్చాను. ఆ పక్కనే పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు చూసి, చూడనట్టు మళ్ళీ వంగి పనిలో పడ్డారు.

పాట చేయలేని పని మాట ఎలా చేసింది? ఘంటసాల పాటలు నాకు ప్రాణం. కాని నాకు ఇష్టమైన ప్రతి పాటా ఆమెకూ ఇష్టమైనదే. పల్లవి మొదలయ్యేసరికి మనసు దాన్ని దారి చేసుకుని గతంలోకి నడిచిపోయేది. మాట విషయంలో అలా జరగదు. 1974లో ఆలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు మన తాత్కాలిక జ్ఞాపకశక్తి ఎలా పనిచేస్తుందో ఒక నమూనా ప్రతిపాదించారు. మాటలను పట్టి ఉంచడానికి అందులో ఒక చిన్న ప్రత్యేకమైన చోటు ఉంటుంది. మనం లోలోపల మనతో మాట్లాడుకునే మాటలూ, చెవిన పడే ఇతరుల మాటలూ ఆ ఇరుకు గదిలోకే రావాలి. అక్కడ ఒక కథకుడు వచ్చి కూర్చుంటే, నా పాత ప్రశ్నకు చోటు చాలదు. ఈ అన్వయం నాదే సుమా, వారిది కాదు. కాని నా అనుభవానికి ఇంతకంటె సరిపోయే వివరణ నాకు దొరకలేదు.

నడక విషయంలో మాత్రం ఊహలతో పని లేదు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష 218 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 14,170 మందిని కలిపి పరిశీలించింది. కుంగుబాటు ఉన్నవారికి నడక లేదా పరుగు, యోగా, కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెప్పుకోదగ్గ మేలు చేస్తున్నాయని తేల్చింది. ఆధారాల బలం ఇంకా తక్కువగానే ఉందని ఆ రచయితలే నిజాయితీగా ఒప్పుకున్నారు. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన చిన్న పరిశోధన ఒకటి నాకు మరీ ఇష్టం. 38 మంది ఆరోగ్యవంతులలో సగంమందిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, సగంమందిని వాహనాలు రద్దీగా తిరిగే రోడ్డు పక్కన, తొంభై నిమిషాలపాటు నడిపించారు. చెట్ల మధ్య నడిచినవారిలోనే నెమరువేత తగ్గింది. అది చదివాక నేను 44వ నంబరు జాతీయ రహదారి వైపు నడవడం మానేశాను. లారీల హారన్ల మధ్య నడిచేకంటె మోదుగు చెట్ల మధ్య నడవడం నయమని చెప్పడానికి స్టాన్‌ఫర్డ్ దాకా పోవాలా అని మా అమ్మ ఉంటే అడిగేది.

ఇక నేను ఏమేమి వింటానో చెబుతాను. మీ ఇష్టాలు వేరు కావచ్చు.

అన్నిటికంటె ఎక్కువగా విన్నది కిరణ్‌ప్రభ గారి ప్రసంగాలు. కాలిఫోర్నియాలో ఉంటూ 'కౌముది' అనే అంతర్జాల మాసపత్రికను నడిపే ఆయన రచయితల, నటుల, గాయకుల జీవితాలను భాగాలు భాగాలుగా చెబుతారు. గొంతులో తొందర ఉండదు. గొప్పవారని మనం అనుకున్నవారు అప్పులు చేయడం, అవమానాలు పడడం, ఆత్మీయులను పోగొట్టుకోవడం, అయినా మరుసటి ఏడాది మరో పుస్తకమో మరో పాటో ఇవ్వడం వింటూ ఉంటాం. ధైర్యంగా ఉండమని ఆయన ఎక్కడా చెప్పరు. ఆ చెప్పకపోవడమే నాకు మందులా పనిచేసింది.

మనసు మరీ మొద్దుబారి, కొత్త కథను పట్టుకోలేని రోజులుంటాయి. అటువంటప్పుడు 'దాసుభాషితం' ఆప్‌లో, ఎప్పుడో చదివేసిన పుస్తకాన్నే మళ్ళీ శ్రవణరూపంలో వింటాను. తరువాత ఏం జరుగుతుందో తెలిసి ఉండడం ఒక ఊరట. ఇంగ్లీషు తెలిసినవారికి బీబీసీ వారి 'ఇన్ అవర్ టైమ్' చెబుతాను. 1998లో మెల్విన్ బ్రాగ్ మొదలుపెట్టి దీర్ఘకాలం నిర్వహించిన కార్యక్రమం. ముగ్గురు పండితులు కూర్చుని ఒకే విషయం మీద ముప్పావు గంట మాట్లాడతారు. వానపాముల గురించో, ఏదో మరచిపోయిన సామ్రాజ్యం గురించో. అందులో సగం నాకు అర్థం కాదు. నా దుఃఖంతో ఏమాత్రం సంబంధం లేని విషయాలు లోకంలో ఇన్ని ఉన్నాయని తెలియడం ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

ఆకాశవాణిని కూడా మరువలేదు. న్యూస్ ఆన్ ఎయిర్ అనే ఆప్ ఉంటే దేశంలోని ఆకాశవాణి కేంద్రాలెన్నో ఫోనులోనే వినవచ్చు. పాడ్‌కాస్టులో లేనిది రేడియోలో ఒకటుంది. ఆ గొంతు ఇప్పుడే, ఈ క్షణమే, ఎక్కడో మేలుకొని మాట్లాడుతున్నది. తెల్లవారుజామున ఒంటరివాడికి ఆ సంగతి చిన్నది కాదు. నా వయసువారికి కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు గుర్తుండే ఉంటారు. మా వాడకట్టులో వాళ్ళను చుట్టాల్లా తలచుకునేవారు. పాడ్‌కాస్టు అన్న మాట 2004లో బెన్ హామర్స్‌లీ అనే బ్రిటిష్ పాత్రికేయుడు పుట్టించింది. మాట కొత్తదే గాని, చెప్పే గొంతు, వినే చెవి మా జిల్లాకు కొత్త కాదు. రాజ్‌గోండుల వంశగాథలను ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు గోదావరి జలం కోసం కేస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. వరుసగా సాగిపోయే ఆ తెల్లబట్టల బారును చూసినప్పుడల్లా, ఇందులో ఒక్కరూ ఒంటరిగా నడవడం లేదు కదా అనుకుంటాను.

వినకూడనివి కూడా చెప్పాలి. వార్తా చర్చలు వద్దు. నడక పూర్తయ్యేసరికి రక్తపోటు పెరిగి ఉంటుంది. నేరకథలు వద్దు, ముఖ్యంగా తెల్లవారుజామున నిద్ర తేలిపోయేవారికి. విజయానికి పది మెట్లు చెప్పే ఉపన్యాసాలు అసలే వద్దు. కుంగుబాటులో ఉన్నవాడికి 'లే, గెలువు' అని చెప్పడం, కాలు విరిగినవాడికి పరుగుపందెం నియమాలు వివరించడం వంటిది. ఇక డాక్టర్లు చెప్పే ఆరోగ్య పాడ్‌కాస్టులు. వాటినీ ఆ వేళ దూరంగా ఉంచండి. గుండెపోటు లక్షణాలు వింటూ నడిచే మనిషికి పావుగంటలో అవన్నీ వస్తాయి. ఇది నా మీద జరిగిన ప్రయోగమే.

ఒక కిటుకు చెబుతాను. ఇల్లు చేరేసరికి కథ పూర్తికాకపోతే, పూర్తిచేయకండి. కుర్చీలో కూర్చుని మిగతాది వినాలనిపిస్తుంది, వినవద్దు. మరునాడు గడప దాటాకే వినాలని నియమం పెట్టుకోండి. కుంగుబాటులో మనసు బాగుపడ్డాక బయటికి వెళదామని ఎదురుచూస్తాం. ఆ రోజు రాదు. ముందు పని, తరువాతే మనసు అన్న సూత్రం మీద పీటర్ లెవిన్‌సన్ వంటివారు 1970ల నుంచే ఒక చికిత్సా పద్ధతిని రూపొందించారు. సగంలో ఆగిన కథ నన్ను ఎన్నో ఉదయాలు మంచం మీది నుంచి లేపింది. భగవద్గీత కూడా లేపలేని ఉదయాలవి.

జాగ్రత్తలు కొన్ని. ఒక చెవిలోనే పెట్టుకోండి. రెండో చెవి మోటారు సైకిళ్ళకూ కుక్కలకూ వదిలిపెట్టండి. వానాకాలంలో చీకటి ఉండగా బయలుదేరితే టార్చి తప్పనిసరి, కట్లపాముకు మీ కథతో పని లేదు. వేసవిలో ఏడున్నరలోపు ఇల్లు చేరాలి. ఊరు దాటితే సిగ్నలు ఉండీ లేనట్టుంటుంది కనుక, రాత్రే ఇంట్లో దించి పెట్టుకోండి. శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు పెట్టిన హద్దు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. అంకెలతో పని లేకుండా చెప్పాలంటే, పక్కన నడిచే మనిషి మామూలుగా పలకరిస్తే మీకు వినబడాలి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, నేను ఇంకా ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒక పత్తి రైతు నా దగ్గరకు వచ్చాడు. తలనొప్పి, నడుంనొప్పి, నిద్ర పట్టదు, తిన్నది ఒంటపట్టదు. పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయి. విటమిన్ బిళ్ళలు రాసి, అలవాటు ప్రకారం నడక కూడా రాశాను. అతను చీటీ చూసి నవ్వాడు. "పొద్దంత చేన్లనే తిరుగుత డాక్టర్ సాబ్, ఇంక యాడికి నడవాలె?" నేనూ నవ్వాను. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. పంట ఎలా ఉందని అడగలేదు. అప్పు ఎంతని అడగలేదు. బతకాలని ఉందా అని అసలే అడగలేదు. రెండు వారాల తరువాత ఒక రాత్రి అతన్ని ఎడ్లబండిలో తీసుకువచ్చారు. బతికాడు. అది నా గొప్పతనం కాదు. అతని భార్య ఆ రాత్రి ఎందుకో మధ్యలో లేచింది, అంతే.

అందుచేత ఈ వ్యాసమంతా చదివి, పాడ్‌కాస్టుతో అన్నీ నయమవుతాయని ఎవరూ అనుకోవద్దు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, నిద్రా ఆకలీ చెడితే, పనులు సాగకపోతే అది చికిత్స చేయవలసిన జబ్బు. మన పల్లెల్లో అది తరచు ఒంటినొప్పుల వేషంలోనే వస్తుంది. థైరాయిడ్, రక్తహీనత వంటివి ఉన్నాయేమో ముందు చూడాలి. మందులు అవసరమైతే వాడాలి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక నాలుగు రోజులకే మానేయకూడదు. చావు ఆలోచనలు వస్తున్నాయంటే నడకకు పోవద్దు, మనిషి దగ్గరకు పొండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళకైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు కాదు. ఇంట్లో ఎవరి మీదనైనా మీకు అనుమానం ఉంటే నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నేనూ మూడు నెలలు ఆలస్యంగా నైనా ఒక మనోవైద్యుడి దగ్గరకు వెళ్ళాను. ఎనిమిది నెలలు మందు వాడాను. కథలు ఆ మందుకు తోడు నడిచాయి.

ఆ రైతు చేను ఇప్పుడు నేను నడిచే దారిలోనే ఉంది. గోండు ఆయన, జుట్టంతా నెరిసింది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని పోతుంటే మొదట్లో చాలామంది నన్ను పలకరించడం మానేశారు. డాక్టరు ఫోను మాట్లాడుతున్నాడని అనుకునేవారట. ఆయన మాత్రం ఒకరోజు గట్టు మీద నిలబడి చేయి ఊపి ఆపాడు.

"ఏం వింటున్నరు డాక్టర్ సాబ్, గిన్ని దినాల సంది?"

తీసి ఆయన చెవిలో పెట్టాను. కాసేపు తల వంచి విన్నాడు.

"గింత మెల్లగ చెప్తే కత ఎప్పుడు ఒడుస్తది?" అన్నాడు. తరువాత, "దీన్ల మా గోండు పాటలు వస్తయా?" అని అడిగాడు.

ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమం వస్తుందని, వేళ కనుక్కొని చెబుతానని అన్నాను. గట్టు మీదనే కూర్చుని ఈ ఏడు పత్తి ఎలా ఉందని అడిగాను. ఆ రోజు నా కథ సగంలోనే ఆగిపోయింది. వేళ మాత్రం ఇంకా కనుక్కోలేదు. రేపు పొద్దున ఆ దారిన వెళ్ళేలోపు కనుక్కోవాలి.